పాతికేళ్లు అటక మీదున్న వాల్వ్ యాంప్లిఫయర్‌కి నేరుగా కరెంటు ఇవ్వొచ్చా?

అటకమీదిపాట
మా పెదనాన్న స్టీరియో సెట్టు ఇప్పుడు నా చేతికొచ్చింది. వాల్వ్ యాంప్లిఫయర్ ఒకటి (స్పీకర్లని నడిపే ఈఎల్84 వాల్వులు నాలుగు, ఏసీని డీసీ చేసే జీజెడ్34 ఒకటి, కొన్ని చిన్న వాల్వులు), ట్రాన్సిస్టర్ రిసీవర్ ఒకటి, రికార్డ్ ప్లేయర్ ఒకటి. పాతికేళ్ల పైనే అటక మీద పడున్నాయి. పాడుతూ ఉండగానే సర్ది పైన పెట్టారట. అందుకని ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "బాగున్నవే కదా, ప్లగ్గు పెట్టి చూడు." నాకు మాత్రం చెయ్యి రావడం లేదు. పాత కండెన్సర్లు పేలతాయని ఎక్కడో చదివాను. అది నిజమా, ఊరికే భయపెట్టడమా? సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది. వాల్వు సెట్టు లోపల మాత్రం ఎప్పుడూ వేలు పెట్టలేదు. ఏది ముందు, ఏది తర్వాత?

సిరీస్‌బల్బు
ప్లగ్గు పెట్టకండి. ఆపేసిన రోజు బాగుంటే ఇవాళా బాగుంటుందని లేదు. మూత తీసి లోపల ఏముందో చెప్పండి ముందు.

డైరెక్ట్‌ఆన్
ఇంత టెన్షన్ అక్కర్లేదు బ్రదర్. నా దగ్గరికొచ్చే పాత సెట్లు అన్నీ నేరుగానే ఆన్ చేస్తాను. పదింట్లో తొమ్మిది పాడతాయి.

పిన్_నంబర్_9
ఆ పదోది ఎవరి పెదనాన్నదో?

అటకమీదిపాట
బ్రదర్ కాదు, చెల్లెలు :) ఆ పదోది మా పెదనాన్నది కాకూడదనే అడుగుతున్నాను.

వాల్వుమాస్టారు
పేలడం నిజమేనమ్మా. ఎందుకో తెలిస్తే ఏం చెయ్యాలో మీకే తడుతుంది.

ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్‌లో రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రావణంలో తడిపిన కాగితం ఉంటాయి. ఆ కాగితమే ఇన్సులేషన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. పాజిటివ్ రేకు మీద పెరిగిన అల్యూమినియం ఆక్సైడ్ పొర అసలు ఇన్సులేషన్. దాని మందం మైక్రాన్ కంటే తక్కువ. సెట్టు వాడుతున్నంతకాలం పొర ఎక్కడైనా పలచబడితే ఆ వోల్టేజీ వల్లే అక్కడ మళ్లీ ఆక్సైడ్ పెరుగుతుంది. ఏళ్ల తరబడి వోల్టేజీ లేకపోతే పొర నెమ్మదిగా పాడైపోతుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా 320 వోల్టులు వచ్చి పడితే లీకేజీ కరెంటు విపరీతంగా పారుతుంది. లోపల వేడెక్కి గ్యాసు పుట్టి, డబ్బా ఉబ్బి, బుస్సుమని కక్కేస్తుంది. పూర్తిగా షార్ట్ అయితే జీజెడ్34 పోతుంది, ఫ్యూజు కాపాడకపోతే ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. కండెన్సర్ కొత్తది కొనుక్కోవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మళ్లీ చుట్టించుకోవాల్సిందే.

అదే వోల్టేజీని మధ్యలో ఒక రెసిస్టెన్స్ పెట్టి, కరెంటు పెరగకుండా నెమ్మదిగా ఇస్తే పొర మళ్లీ పెరుగుతుంది. దీన్నే రీఫార్మింగ్ అంటాం. అన్ని కండెన్సర్లూ తిరిగి రావు. ద్రావణం ఆరిపోయినది ఎంతసేపు పెట్టినా రాదు.

డైరెక్ట్‌ఆన్
మాస్టారూ, మీరు చెప్పింది పుస్తకంలో ఉన్నదే. నా బల్ల మీద జరిగేది వేరు.

వాల్వుమాస్టారు
మీ బల్ల మీద పాడి వెళ్లిన సెట్టు, ఆ తర్వాత వాళ్లింట్లో ఎన్నాళ్లు పాడిందో మీ దాకా రాదు కదండీ. నా దగ్గరికి వచ్చే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు మొదటి రోజు బాగానే పాడినవి.

నెమ్మదినెమ్మది
చెల్లెమ్మా, ఒక వేరియాక్ (మెయిన్స్ వోల్టేజీని సున్నా నుంచి తిప్పి పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్) సంపాదించు. 20 వోల్టులతో మొదలెట్టి గంటకోసారి కాస్త కాస్త పెంచుకుంటూ పో. రెండ్రోజుల్లో పని అయిపోతుంది.

వాల్వుమాస్టారు
ఇక్కడ ఒక మెలిక ఉంది. జీజెడ్34 వాల్వు రెక్టిఫయర్, అంటే ఏసీని డీసీగా మార్చే వాల్వు. దాన్ని లోపల వేడెక్కించే హీటర్‌కి 5 వోల్టులు కావాలి. వేరియాక్‌ని 20 దగ్గర పెడితే హీటర్‌కి అర వోల్టు కూడా అందదు. చల్లగా ఉన్న వాల్వు కరెంటు పంపదు, కండెన్సర్ల మీద డీసీ సున్నా. మీరు ఎంతసేపు కూర్చున్నా రీఫార్మింగ్ మొదలే కాదు. మెయిన్స్ సగం దాటి చాలా పైకి వచ్చాక వాల్వు మేలుకుంటుంది, అప్పుడు కండెన్సర్ల మీద వందల వోల్టులు ఒక్కసారే వచ్చి పడతాయి. ఏది వద్దనుకున్నామో అదే జరుగుతుంది.

నెమ్మదినెమ్మది
సిలికాన్ డయోడ్లున్న సెట్లకి నేనిలాగే చేస్తాను. వాల్వు రెక్టిఫయర్ సంగతి మీరన్నది ఒప్పుకుంటున్నా.

అటకమీదిపాట
మూత తీశాను. ఒక మూల ఎలుక గూడు, నమిలిన కాగితం ముక్కలు, పీచు. మెయిన్స్ వైరు వేలితో వంచగానే రబ్బరు పొడిపొడిగా రాలి, లోపలి రాగి పోగులు బయటపడ్డాయి. అన్నిటికంటే నాకు భయమేసింది ఫ్యూజు చూసి. గాజు ఫ్యూజు ఉంది కానీ, దాని చుట్టూ ఒక చివర నుంచి మరో చివర దాకా రాగి పోగు చుట్టి ఉంది. ఎప్పుడో ఎవరో మెకానిక్ చేసిన పని అయ్యుంటుంది. వెనక వోల్టేజీ సెలెక్టర్ 220 మీద ఉంది, మా సాకెట్లో 238 చూపిస్తోంది.

సిరీస్‌బల్బు
డైరెక్ట్‌ఆన్ గారూ, చూశారా? ఈ సెట్టుని నేరుగా ఆన్ చేస్తే, ఏదైనా షార్ట్ ఉన్న పక్షంలో ఫ్యూజు చెయ్యాల్సిన పని ట్రాన్స్‌ఫార్మర్ చేసేది.

డైరెక్ట్‌ఆన్
ఫ్యూజు చూడకుండా నేనూ ఆన్ చెయ్యను. ఆ మాత్రం చూస్తాను.

పిన్_నంబర్_9
ఎలుక గూడు తీసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. ఆ దుమ్ము పీల్చకూడదు. ఎలుక మూత్రం పడిన చోట టిన్ను పూత, రాగి రెండూ తినేసి ఉంటాయి, సాకెట్ పిన్నుల దగ్గర పచ్చగా ఏమైనా పట్టిందేమో లెన్సు పెట్టి చూడండి. వైరు మొత్తం మార్చండి, మూడు పోగులది వేసి ఎర్తు పోగుని చాసీకి (సెట్టు లోహపు చట్రానికి) బిగించండి. ఫ్యూజు ప్యానెల్ మీద రాసిన విలువే, స్లో బ్లో (ఆన్ చేసిన క్షణం కరెంటు ఎగిసినా వెంటనే పోని) రకమే వెయ్యండి.

యూఎల్84
ఎర్తు మాటకి ఒక హెచ్చరిక, ఈ థ్రెడ్ చదివే మిగతా వాళ్ల కోసం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు కాబట్టి చాసీకి ఎర్తు ఇవ్వొచ్చు. యూసీహెచ్81, యూఎల్84, యూవై85 లాంటి యూ అక్షరం వాల్వులున్న పాత రేడియోల్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండకపోవచ్చు. వాటిలో మెయిన్స్ ఒక వైరు తిన్నగా చాసీకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసీ అంతా ఫేజే. వాటికి ఎర్తు కలపకూడదు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుకీ మెయిన్స్‌కీ నేరు కలయిక లేకుండా చేసేది) లేకుండా మూత తీసి ముట్టుకోకూడదు. వేరియాక్ ఐసొలేషన్ ఇవ్వదు, చాలామంది ఇస్తుందనుకుంటారు.

సిరీస్‌బల్బు
ఇక నా వంతు. ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్ బోర్డు తీసుకుని, ఫేజు వైరు బల్బులోంచి వెళ్లాకే సాకెట్‌కి చేరేలా కలపండి. బల్బు పాతకాలం ఫిలమెంట్‌ది కావాలి, హాలొజెన్ అయినా పర్లేదు. ఎల్ఈడీ పనికిరాదు. 60 వాట్ల ఫిలమెంట్ వెలుగుతున్నప్పుడు దాదాపు 880 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. అంటే సెట్టు మామూలు కరెంటు తీసుకుంటే బల్బు పెద్దగా అడ్డురాదు. సెట్టు షార్ట్ అయితే బల్బు పూర్తిగా వెలిగి, కరెంటుని పావు ఆంపు దగ్గరే ఆపేస్తుంది.

మొదటి పరీక్ష అన్ని వాల్వులూ తీసేసి చెయ్యండి, రెక్టిఫయర్‌తో సహా. తీసే ముందు ఏది ఎక్కడిదో రాసుకోండి. ఇప్పుడు కరెంటు తీసుకునేది ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. ఆరకపోతే ప్లగ్గు లాగెయ్యండి.

వాల్వులు పెట్టాక 60 వాట్ల బల్బు చాలదు. నాలుగు ఈఎల్84ల హీటర్లకే 19 వాట్లు, జీజెడ్34 హీటర్‌కి మరో 9 పైన. ఆ దశలో 100 లేదా 200 వాట్ల బల్బు పెట్టాలి, అది కొంచెం వెలుగుతూనే ఉంటుంది, కంగారు పడకండి.

ఒంటిచేయి
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నా. వాల్వులన్నీ తీసేసిన సెట్టులో ఎలాగోలా డీసీ వచ్చిందంటే, స్విచ్ ఆపాక కూడా ఆ చార్జి పోవడానికి దారి ఉండదు. ప్లగ్గు తీసి గంటైనా కండెన్సర్ మీద 300 వోల్టులు కూర్చునే ఉండొచ్చు. 10కే, 10 వాట్ల రెసిస్టెన్స్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి ఉంచుకోండి. ప్రతిసారీ దానితో డిశ్చార్జి చెయ్యండి, తర్వాత మీటరు పెట్టి సున్నా చూడండి, కాసేపాగి మళ్లీ చూడండి. డిశ్చార్జి చేసినా కొంత వోల్టేజీ తనంతట తాను తిరిగి ఎక్కుతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టే అలవాటు వద్దు. కరెంటు ఉన్నంతసేపూ ఒక చెయ్యి జేబులో ఉండాలి. ఇంట్లో మరో మనిషి ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి, మెయిన్స్ ఎక్కడ ఆపాలో వాళ్లకి చూపించి మొదలెట్టండి.

అటకమీదిపాట
వైరు, ఫ్యూజు మార్చాను. సిరీస్ బోర్డు కట్టాను. వాల్వులన్నీ తీసేసి 60 వాట్ల బల్బుతో పెట్టాను. బల్బు ఆరలేదు! సగం వెలుగులో అలాగే ఉంది. వెంటనే లాగేశాను. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందా? ఏడుపొస్తోంది.

సిరీస్‌బల్బు
ఆగండి, ఇంకా ఏడవకండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (మెయిన్స్ వచ్చే చుట్టుకి) అడ్డంగా, స్విచ్ దగ్గర, చిన్న కాగితం కండెన్సర్ ఏమైనా ఉందా?

అటకమీదిపాట
ఉంది. గోధుమ రంగు గొట్టం, రెండు వైర్లు మెయిన్స్ ట్యాగుల మీదే ఉన్నాయి. పొడవునా సన్నటి బీట. ప్లగ్గు తీసి, మీటరుతో చూసుకున్నాక వేలు పెడితే గోరువెచ్చగా ఉంది.

సిరీస్‌బల్బు
దొంగ దొరికాడు. ఒక కాలు కత్తిరించి మళ్లీ పెట్టండి.

అటకమీదిపాట
కత్తిరించాను. మెరిసింది, ఆరింది!!! చీకటి గదిలో చూస్తే గానీ ఫిలమెంట్ ఎర్రదనం కనిపించట్లేదు.

పిన్_నంబర్_9
శుభం. దాని స్థానంలో ఎక్స్2 అని రాసి ఉన్న కొత్తదే వెయ్యాలి. మెయిన్స్‌కి అడ్డంగా మామూలు కండెన్సర్ వెయ్యకూడదు. మెయిన్స్ నుంచి చాసీకి వెళ్లేది ఉంటే అది వై రకం కావాలి, లీకైతే షాక్ కొట్టేది అదే.

వాల్వుమాస్టారు
ఇప్పుడు కండెన్సర్ల సంగతి. చచ్చిపోయిన ఏదైనా ఆక్టల్ (ఎనిమిది పిన్నుల) వాల్వు బేసు తీసుకుని అందులో డయోడ్లు కట్టండి, సెట్టులో సాకెట్ మీద సోల్డర్ చెయ్యకండి. జీజెడ్34 ఆనోడ్లు 4, 6 పిన్నులు. ఒక్కో ఆనోడ్ నుంచి రెండేసి 1ఎన్4007లు వరసగా, గీత ఉన్న వైపు ఆనోడ్ పిన్నుకి దూరంగా. రెండు వరసలూ కలిసిన చోటి నుంచి 22కే, 10 వాట్ల రెసిస్టెన్స్, దాని రెండో చివర 8వ పిన్నుకి. మిగతా వాల్వులేవీ పెట్టొద్దు. కండెన్సర్ డబ్బాలో రెండు సెక్షన్లుంటే ఒక్కొక్కటీ విడదీసి చెయ్యండి.

మీటరు క్లిప్పులు 22కే మీద ముందే తగిలించి, తర్వాతే వేరియాక్ తిప్పండి. 22కే మీద 22 వోల్టులు కనిపిస్తే 1 మిల్లీఆంపు లీకేజీ ఉన్నట్టు. వోల్టేజీ కొంచెం పెంచండి, ఆ రీడింగు దిగేదాకా ఆగండి, మళ్లీ పెంచండి. దిగకుండా ఎక్కుతుంటే ఆపేసి వెనక్కి తిప్పండి.

ఒకటి మర్చిపోవద్దు. లోడ్ లేనప్పుడు 300 వోల్టుల వైండింగ్ మీద డీసీ 420 దాటుతుంది, మీ ఇంటి 238కి ఇంకా పైకి పోతుంది. కాబట్టి వేరియాక్‌ని ముప్పావు దాకా కూడా తిప్పకముందే కండెన్సర్ పని వోల్టేజీ వచ్చేస్తుంది. డబ్బా మీద రాసిన అంకె దాటించకండి.

అన్నీమార్చేద్దాం
ఇంత తతంగం దేనికి? పాత ఎలక్ట్రొలిటిక్కులు అన్నీ పీకి కొత్తవి వేస్తే ఒక పూటలో అయిపోయే పని. రీఫార్మ్ చేసినా అవి ముసలివే. వాల్వు సెట్టులో 350 వోల్టుల దగ్గర నమ్మకం లేని పార్టుని ఉంచడం నాకు నచ్చదు.

నెమ్మదినెమ్మది
పెదనాన్న చేతి సెట్టు అది. లోపల ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలనుకోవడంలో తప్పేముంది? నా దగ్గర రీఫార్మ్ చేసిన డబ్బాలు ఏళ్లుగా హమ్ (స్పీకర్లో గుయ్‌మనే శబ్దం) లేకుండా పనిచేస్తున్నాయి.

అన్నీమార్చేద్దాం
డబ్బా పైన చూపుకి ఉంచండి, కాదనను. కనెక్షన్ విడదీసి కింద కొత్తవి పెట్టొచ్చు.

వాల్వుమాస్టారు
కొత్తవి వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పెద్ద విలువ వేస్తే హమ్ తగ్గుతుందని 32 మైక్రోఫారడ్ల చోట 220 వేస్తుంటారు. జీజెడ్34 వెనక మొదటి కండెన్సర్‌కి గరిష్ఠం 60. అంతకు మించితే ఆన్ చేసిన ప్రతిసారీ వాల్వులో మెరుపులే. పాత విలువకు దగ్గరలోనే ఉండండి.

అటకమీదిపాట
రీడింగులు ఇవిగో. డబ్బా 32+32. మొదటి సెక్షన్: 22కే మీద 70 వోల్టుల దగ్గర మొదలై, సాయంత్రానికి 9కి దిగి అక్కడే నిలబడింది. రెండో సెక్షన్: 90 దగ్గరే ఆగిపోయింది, ఎంతసేపున్నా దిగట్లేదు. డిశ్చార్జి చేసి ముట్టుకుంటే డబ్బా వెచ్చగా ఉంది.

వాల్వుమాస్టారు
9 వోల్టులు అంటే అర మిల్లీఆంపు లోపే. మొదటిది నాకు చాలు. రెండోది 4 మిల్లీఆంపులు తాగుతోంది, పైగా వేడి. అది రాదు. ఒకే డబ్బాలో ఒకటి పోయాక రెండోదాన్నీ నేను నమ్మను. ఈ ఒక్క విషయంలో నా ఓటు అన్నీమార్చేద్దాం గారికే.

అన్నీమార్చేద్దాం
ఈ రోజు తేదీ రాసిపెట్టుకుంటున్నా మాస్టారూ :)

అటకమీదిపాట
డబ్బా పైన అలాగే ఉంచి, కింద రెండు కొత్త 33లు వేశాను. ఇప్పుడు వాల్వులు పెట్టనా?

పిన్_నంబర్_9
ఈఎల్84లు ఇంకా వద్దు. ముందు జీజెడ్34, చిన్న వాల్వులు మాత్రమే పెట్టి, ఈఎల్84 సాకెట్లలో ప్రతి 2వ పిన్ను మీద డీసీ చూడండి. అది గ్రిడ్డు, సున్నా ఉండాలి. పాజిటివ్ వోల్టేజీ ఉంటే కప్లింగ్ కండెన్సర్ (ముందు వాల్వు నుంచి పాటని పంపి డీసీని ఆపేది) లీక్ అవుతున్నట్టు. ఆ వాల్వు పెడితే బయాస్ (వాల్వు కరెంటుని అదుపులో ఉంచే వోల్టేజీ) తప్పి, ప్లేటు, అంటే ఆనోడ్, ఎర్రగా కాలిపోతుంది. నిల్వ ఉన్న సెట్లలో అందరూ ఎలక్ట్రొలిటిక్కుల గురించే మాట్లాడతారు, వాల్వుల్ని ఎక్కువగా చంపేవి ఈ కాగితం కండెన్సర్లే.

ఒంటిచేయి
వాల్వు యాంప్లిఫయర్‌ని లోడ్ లేకుండా నడపకూడదు. ఈఎల్84లు పెట్టే ముందు స్పీకర్ టెర్మినల్స్‌కి 8 ఓమ్‌ల పెద్ద రెసిస్టెన్స్ కట్టండి, లేదా పోయినా బాధలేని స్పీకర్ పెట్టండి. మంచి స్పీకర్లు చివర్లో.

అటకమీదిపాట
మూడు సాకెట్లలో సున్నా. ఒకదాంట్లో 3 వోల్టులు పైన! నాలుగు కప్లింగ్ కండెన్సర్లూ ఫిల్మ్ రకంవి మార్చేశాను, ఇప్పుడు అన్నీ సున్నా. వాల్వులన్నీ పెట్టి, 200 వాట్ల బల్బుతో మొదలెట్టి, తర్వాత నేరుగా ఇచ్చాను. దీపాలార్పి చూస్తే ప్లేట్లు ఎక్కడా ఎర్రబడలేదు. పాత స్పీకర్లోంచి ఫోన్ పాట వచ్చింది! ఇంట్లో అందరూ గదిలోకి వచ్చేశారు. కానీ హీటర్ దగ్గర 6.3కి బదులు 6.8 చూపిస్తోంది.

వాల్వుమాస్టారు
చాలా బాగా చేశారమ్మా. ఆ 6.8 మీ 238 వల్లే. సెలెక్టర్‌లో 240 ఉంటే అక్కడికి మార్చండి.

అటకమీదిపాట
110, 220 మాత్రమే ఉన్నాయి.

వాల్వుమాస్టారు
అయితే 18 వోల్టుల సెకండరీ ఉన్న, కనీసం 1 ఆంపు ఇవ్వగల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని, ఆ సెకండరీని మెయిన్స్‌కి సిరీస్‌లో, ఎదురు ఫేజులో కలపండి. 238 కాస్తా 220 అవుతుంది. తిరగేసి కలిపితే 256 అవుతుంది కాబట్టి సెట్టు తగిలించే ముందు మీటరు పెట్టి చూడండి. డబ్బాలో మూసి, దానికో ఫ్యూజు పెట్టండి.

డైరెక్ట్‌ఆన్
బాగుంది చెల్లెమ్మా, ఓపికకి దండం. మరి ట్రాన్సిస్టర్ రిసీవర్ సంగతి? దానికైనా నేరుగా ఇవ్వొచ్చంటారా?

సిరీస్‌బల్బు
దానికీ 100 వాట్ల బల్బే. మెరిసి తగ్గితే మంచిది, వెలుగు నిలిచిపోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయ్యుండొచ్చు. స్పీకర్లు తగిలించకూడదు, దీనికి లోడ్ లేకపోయినా నష్టం లేదు. కరెంటు ఇవ్వకముందే స్విచ్‌లు, వాల్యూమ్ కంట్రోల్ కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి బాగా తిప్పండి. బోర్డు మీద ముదురు గోధుమ రంగుకి మారిన పాత జిగురు కనిపిస్తే గీకేయండి, అది కాలం గడిస్తే కరెంటు పంపుతుంది, పార్టుల కాళ్లు తినేస్తుంది. బయాస్ ట్రిమ్మర్లు మాత్రం తిప్పొద్దు. తుప్పు పట్టిన ట్రిమ్మర్ కాంటాక్ట్ వదిలేస్తే చాలా సర్క్యూట్లలో బయాస్ గరిష్ఠానికి వెళ్లి ట్రాన్సిస్టర్లు పోతాయి.

నెమ్మదినెమ్మది
బల్బు తీసేశాక రిలే (ఆన్ చేసిన కాసేపటికి స్పీకర్లని కలిపే స్విచ్) క్లిక్కుమనేదాకా ఆగి, స్పీకర్ టెర్మినల్స్ మీద డీసీ మిల్లీవోల్టులు చూడు. రిలే పడకముందు చూస్తే ఎప్పుడూ సున్నానే కనిపిస్తుంది. 50 లోపు ఉండాలి.

పిన్_నంబర్_9
రికార్డ్ ప్లేయర్‌కి వేరే థ్రెడ్ తెరవండి. ఎండిన గ్రీజు, కరిగిన బెల్టు, గట్టిపడిన పిన్ను రబ్బరు, అదో పెద్ద కథ. అప్పటిదాకా మంచి రికార్డు మీద ఆ పిన్ను దించకండి.

అటకమీదిపాట
రిసీవర్ బల్బు పరీక్ష పాసైంది, రిలే పడింది. ఎడమ 18, కుడి 31 మిల్లీవోల్టులు. అరగంట తర్వాత కూడా అంతే. స్పీకర్లు కలపొచ్చా?

సిరీస్‌బల్బు
కలపండి. వాల్యూమ్ సున్నాలో పెట్టి.